రోహిణి ఎండ నుంచి ఆరుద్ర వాన దాకా: ఊరి గుట్ట మీద, చెరువు ఒడ్డున ఏం చూడాలి?

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. నల్లగొండ వైపు మీ ఊరి పక్కన ఒక గుట్ట, ఎండిపోతున్న చెరువు ఉన్నాయి, సెలవులకు వచ్చిన పిల్లలను మే ఆఖర్లో అక్కడికి తీసుకెళ్తే చూడటానికి ఏమైనా ఉంటుందా, వానలు పడేదాకా ఆగాలా అన్నది మొదటిది. నిరుడు తొలి వానకు మీ చెల్కలో కనిపించిన ఎర్రటి మఖ్మల్ పురుగు ఏమిటన్నది రెండోది. కుంటలో నిమ్మపండు రంగులో కనిపించిన కప్పలు విషపువా అన్నది మూడోది.

వానల దాకా ఆగకండి. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో. నన్నడిగితే మన నేలను చూడటానికి ఏడాది మొత్తంలో ఈ నెల రోజులను మించిన కాలం లేదు. రోళ్ళు పగిలే ఎండను ఏ ప్రాణి ఎలా తట్టుకుంటుందో ముందు చూసినవాళ్ళకే, తొలకరి పడ్డ సాయంత్రం నేలలోంచి వచ్చేవన్నీ ఎందుకంత తొందరపడతాయో తెలుస్తుంది. వాన తర్వాతే వెళ్తే పచ్చదనం కనిపిస్తుంది గానీ, దాని వెనక ఎంత ఓర్పు ఉందో కనిపించదు. అందుకే ఒకే గుట్టకు, ఒకే చెరువుకు మృగశిరకు ముందు కొన్నిసార్లు, తర్వాత కొన్నిసార్లు వెళ్ళండి. దూరపు అడవులకు ఒక్కసారి వెళ్ళొచ్చే బదులు ఇలా చేస్తే పిల్లలకు ఎక్కువ తెలుస్తుంది.

చెట్లతో మొదలుపెట్టండి, అవి ఎక్కడికీ పారిపోవు. మే నెలలో దూరం నుంచి చూస్తే గుట్ట మొత్తం మాడిపోయినట్టే ఉంటుంది. దగ్గరికెళ్తే కానుగ నిండా కొత్త ఆకు కనిపిస్తుంది. వేప ఎప్పుడో చిగిర్చి, పూత రాల్చి, కాయలు పట్టి ఉంటుంది. సీతాఫలం మొక్కలు లేత ఆకులతో పాటు ఆకుపచ్చగానే ఉండే మందపాటి మూడు రేకుల పూలు పూస్తుంటాయి. ఒక పువ్వు విప్పి చూడండి, లోపల చీమకన్నా చిన్న పెంకు పురుగులు దొరకవచ్చు. సీతాఫలానికి పరాగసంపర్కం చేసేవి అవే. నెలల తరబడి చుక్క వాన లేని నేల మీద ఈ చిగుళ్ళు ఎక్కడివి? ఆకులు రాల్చినప్పుడు చెట్టు నుంచి నీరు పోవడం తగ్గుతుంది, లోతు వేర్లు అందించే కొద్దిపాటి తేమ, కాండంలో మిగిలిన నీరు చిగురుకు సరిపోతాయి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. మురళి, సుకుమార్ అనే శాస్త్రవేత్తలు తమిళనాడులోని ముదుమలై అడవిలో పరిశీలించి 1993లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వానలకు ముందే చిగిర్చిన చెట్ల ఆకులను పురుగులు తక్కువగా తిన్నాయి. వానతో పాటు పురుగుల దండు దిగేసరికి ఆ ఆకులు ముదిరి ఉంటాయి. పిల్లలకు ఈ ఒక్కటి చూపించినా చాలు: ఒకే కొమ్మను గుర్తుపెట్టుకొని, జూన్‌లో దాని ఆకులకు ఎన్ని చిల్లులు పడ్డాయో లెక్కపెట్టమనండి.

మీ గుట్ట అంచున రేల చెట్టు ఉంటే దాని కింద కాసేపు ఆగండి. పసుపు గుత్తులు ఈ కాలంలోనే వేలాడతాయి. పూలను చూశాక ఆకుల వైపు కూడా చూడండి. నిమ్మ రంగులోనో, లేత ఆకుపచ్చ తెలుపులోనో గబగబా ఎగిరే సీతాకోకచిలుకలు లేత ఆకుల మీద ఒక్కొక్క గుడ్డే పెట్టి పోతుంటాయి. ఇంగ్లీషులో వీటిని ఎమిగ్రెంట్లు అంటారు. రేల ఆకు వీటి గొంగళి పురుగులకు తిండి. వానలు మొదలయ్యాక వీటి సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పెరుగుదలకు నాంది ఇప్పుడే పడుతుంది.

పండ్ల సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళకే ఎక్కువ తెలుసు. వాళ్ళను కూడా వెంట తీసుకెళ్ళండి. కలివి పొదల్లో నల్లటి పండ్లు, ఈత గెలలు, తునికి పండ్లు, పాల పండ్లు, తర్వాత నేరేడు, ఆ వెంటే వేప పండ్లు. పండిన చెట్టు దొరికితే పిట్టల కోసం వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు. తెల్లవారుజామున దాని కింద కొంచెం దూరంగా కూర్చుంటే పిగిలిపిట్టలు, గోరింకలు, కోయిలలు అవే వస్తాయి. రాత్రి వచ్చిపోయినవాటి గుర్తులు పొద్దున బండల మీద ఉంటాయి. బండ మీద ఈత గింజలతో నిండిన లద్దె కనిపించిందంటే అది మానుపిల్లిది కావచ్చు. గుజ్జు తిని గింజను ఎక్కడో దూరంగా వదిలేసే ఇలాంటి జంతువుల వల్లే బండల సందుల్లో ఈత మొక్కలు మొలుస్తాయి.

ఇక తీతువు. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఊళ్ళలో ఈ పిట్టకు జరిగినంత అన్యాయం ఇంకే పిట్టకూ జరగలేదు. రాత్రి ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే చావు కబురు వస్తుందని దీన్ని తిట్టుకుంటారు. నిజానికి అది అరిచేది తన గుడ్ల దగ్గరికి కుక్కో, నక్కో, మనిషో వచ్చినప్పుడు. మార్చి నుంచే ఇది గుడ్లు పెడుతుంది. గూడంటూ ఏమీ ఉండదు, చెరువు ఒడ్డున గులకరాళ్ళ మధ్య చిన్న గుంట, అందులో సాధారణంగా నాలుగు మచ్చల గుడ్లు, సన్నటి కొసలు లోపలికి తిరిగి ఉంటాయి. కాలు పక్కనే ఉన్నా కనిపించవు. మే ఎండలో ఆ రాళ్ళు కాలిపోతుంటే గుడ్లు ఉడికిపోకుండా ఎలా ఆపుతుంది? మధ్యాహ్నం పూట గుడ్ల మీద నిలబడి తన నీడనిస్తుంది. నీళ్ళ దగ్గరికి వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడి గుడ్లకు అద్దుతుంది. ఆడదీ మగదీ వంతులవారీగా చేస్తాయి. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తే, పిట్ట నీళ్ళలో కూర్చొని లేచి, నడుచుకుంటూనో ఎగిరో ఒకే చోటికి పదే పదే పోవడం తెలుస్తుంది. అంతవరకే చూడండి. గుడ్ల కోసం వెతకొద్దు. మనం అక్కడున్నంతసేపూ పిట్ట లేచి తిరుగుతుంటుంది, ఆ కొద్ది నిమిషాల ఎండ చాలు గుడ్లు పాడవడానికి. అరుపు తల మీదుగా గట్టిగా వినిపిస్తే మీరు గూటికి దగ్గరయ్యారని అర్థం, వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

బండల మీద ఈ కాలంలో ఇంకో వేడుక ఉంటుంది. నల్లగొండ, హైదరాబాద్ చుట్టుపక్కల నల్లరాతి గుట్టల మీద ఉండే బండ తొండ మామూలప్పుడు రాయి రంగులోనే ఉంటుంది. జతకట్టే కాలం వచ్చేసరికి మగదాని వీపు ఎర్రగానో పసుపుగానో, పక్కలు నల్లగా మారతాయి, అది ఎత్తైన బండ ఎక్కి తల ఊపుతుంటుంది. కంచెల మీద కనిపించే మామూలు తొండ మగదానికి కూడా తల, గొంతు ఎర్రబడతాయి. అది రక్తం పీలుస్తుందని పిల్లలు రాళ్ళతో కొట్టడం నేను చాలా ఊళ్ళలో చూశాను. ఆ ఎరుపు ఆడదాన్ని పిలవడానికి, ఇంకో మగదాన్ని బెదిరించడానికి. పురుగులు తిని బతికే జీవి అది. చెల్కల్లో నేల మీద పరుగెత్తే చిన్న తొండ ఒకటి గొంతు కింది తిత్తిని విసనకర్రలా విప్పి మూస్తూ కనిపిస్తే మీ అదృష్టం, దానికీ ఇదే కాలం. పొద్దున ఎనిమిది లోపే వెళ్ళండి, ఎండ ముదిరాక అవీ నీడకు పోతాయి.

చెరువు గురించి. నీళ్ళు మధ్యలో మడుగుగా మిగిలినప్పుడు కొంగలన్నీ అక్కడికే చేరతాయి. ముక్కు మధ్యలో సందు ఉండే నత్తగుల్ల కొంగను వెతకండి, నత్తలను చిప్పలోంచి లాగి తినడానికి ఆ ముక్కే సాధనం. దొరకని నత్తలు బురదలోకి దిగి, మూత బిగించుకొని వాన కోసం పడి ఉంటాయి. కొర్రమీను గాలి పీల్చగలదు కాబట్టి మిగతా చేపలు చచ్చే నీళ్ళలోనూ బతుకుతుంది. తొలి వరద వాగులోంచి చెరువులోకి దూకిన రోజు చేపలు ఎదురెక్కుతాయి, మృగశిరనాడు చేపలు తినే ఆచారం ఉన్న మనకు ఈ సంగతి కొత్తేమీ కాదు. అయితే ఎదురెక్కేవి గుడ్లు పెట్టడానికి పోతున్నవి. వాగుకు అడ్డంగా దోమతెర లాంటి సన్న వలలు కట్టి చిన్నా పెద్దా అన్నీ ఊడ్చేయడం చూస్తే మాత్రం బాధేస్తుంది.

పిట్టల్లో ఈ రోజుల్లో చెవి పెట్టి వినాల్సింది కోయిల జాతి. కోయిల ఎలాగూ కూస్తూనే ఉంటుంది. కాకి గూళ్ళు కట్టే కాలం ఇదే కాబట్టి కోయిలకు తొందర. జూన్, జులైలో కాకి తనకన్నా వేరుగా ఉన్న పిల్ల నోట్లో తిండి పెట్టడం పట్నంలో కూడా చూడొచ్చు. చాతకమని మన కావ్యాల్లో పేరున్న పిట్ట వేరే ఉంది. పైన నలుపు, కింద తెలుపు, నెత్తిన నల్లటి కుచ్చు, పొడుగు తోక. దక్షిణాన కొన్నిచోట్ల ఏడాదంతా ఉండేవి ఉన్నా, ఆఫ్రికా నుంచి నైరుతి గాలితో వచ్చేవే ఎక్కువ. ఇది గుడ్లు పెట్టేది గుంపుగా నేల మీద గెంతుతూ గోల చేసే బూడిద రంగు బాబ్లర్ల గూళ్ళలో, రెంటి గుడ్లూ నీలంగానే ఉంటాయి. మొదటిసారి అది కనిపించిన తేదీ తప్పకుండా రాసుకోండి. నైరుతి మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకుతుంది, 2025లో మే 24నే తాకింది. అలాంటి ఏడాదిలో పిట్ట కూడా ముందే వచ్చిందా, తన లెక్క ప్రకారమే వచ్చిందా అన్నది మీలాంటి వాళ్ళు ఊరూరా రాసిపెట్టిన తేదీల వల్లే తేలుతుంది.

తల తెగిన తాటి మొద్దు ఏదైనా ఉంటే దాని తొర్ర మీద కన్నేయండి. పాలపిట్ట పిల్లలకు మిడతలూ తొండ పిల్లలూ మోస్తుంటుంది. దసరా నాడు ఒక్కరోజు దీన్ని చూడటానికి పంజరాల్లో పెట్టి తిప్పేవాళ్ళకు డబ్బులిచ్చే మనం, దాని అసలు సంసారం చూసేది ఈ నెలలోనే.

ఇప్పుడు తొలకరి సాయంత్రం. ఈదురుగాలి, ఉరుములు, పదిహేను నిమిషాల గట్టి వాన, తర్వాత తెరిపి. ఆ తెరిపిలో మీరు ఇంట్లో ఉండకూడదు. పుట్టల దగ్గర చిన్న చిన్న కంతల్లోంచి ఉసిళ్ళు పొగలాగా లేస్తాయి. రెక్కల చెదలివి, కొత్త సంసారాలు పెట్టడానికి బయల్దేరిన ఆడ, మగ చెదలు. నేల మెత్తబడ్డ ఈ ఒక్క పూటే అవి తవ్వుకోగలవు, అందుకే ఆ చుట్టుపక్కల పుట్టలన్నీ దాదాపు ఒకేసారి లేస్తాయి. ఎంత తిన్నా తరగనంతగా ఒక్కసారి వస్తేనే కొన్నైనా మిగులుతాయి. తినేవాళ్ళ వరస చూడండి: పాయల తోక నల్ల పిట్ట, కొందరు ఏట్రింత అనీ కొందరు పసులపోలిగాడు అనీ అంటారు, అది గాలిలోనే పడుతుంది. గద్దలు కాలితో పట్టి ఎగురుతూనే నోట్లో వేసుకుంటాయి. కాకులు, గోరింకలు నేల మీద. చీకటి పడ్డాక పైడికంటెలు, గబ్బిలాలు, బల్లులు, కప్పలు. చాలా ఊళ్ళలో దీపం కింద నీళ్ళ గిన్నె పెట్టి పట్టి, వేయించుకొని తింటారు. బతికినవి రెక్కలు రాల్చేసి, ఆడదాని వెనక మగది వరసగా నడిచి, కంత తవ్వుకొని లోపలికి పోతాయి. ఈ వరస నడకను పిల్లలకు చూపించండి, టార్చి చాలు. ఇంటి బయటి ఫ్లడ్‌లైట్లు ఆ పూటకు ఆర్పేయండి, లేకపోతే జత కుదరకుండానే లైటు చుట్టూ తిరిగి చస్తాయి.

మీ ఎర్ర మఖ్మల్ పురుగు ఈ ఉసిళ్ళ వెనకే వస్తుంది. దాని పేరు ఆరుద్ర పురుగు. దీనికి ఎనిమిది కాళ్ళు, సాలీడుకూ తేలుకూ దగ్గరి బంధువు. బతుకులో ఎక్కువ భాగం నేలలోనే గడిపి, తొలి వానలకు పైకి వచ్చి, రాలిన చెదలనూ పురుగుల గుడ్లనూ తింటుంది, జతకడుతుంది, మళ్ళీ లోపలికి పోతుంది. దీని పిల్లలకు మొదట ఆరు కాళ్ళే ఉంటాయి, మిడతల వంటి పురుగుల ఒంటికి అతుక్కొని వాటిని పీల్చుకొని పెరుగుతాయి. అంటే రెండు దశల్లోనూ రైతుకు పనికొచ్చేదే. కరవదు, కుట్టదు. ఆ ఎరుపు పిట్టలకు ‘నేను రుచిగా ఉండను’ అని చెప్పడానికి. అరచేతిలో పెట్టుకొని చూసి అక్కడే వదిలేయండి. నాటువైద్యం తైలాల కోసం దీన్ని డబ్బాల కొద్దీ ఏరేవాళ్ళు ఉన్నారు, మీ చెల్కలోకి అలా వస్తే ఒప్పుకోకండి. ఏడాదికి కొద్ది రోజులే పైన కనిపించే జీవిని ఆ రోజుల్లోనే ఏరేస్తే జతకట్టేది ఎప్పుడు? ఎండాకాలం దున్నకుండా వదిలిన గట్ల వెంట, ఇసుక కలిసిన ఎర్ర నేలల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మందులు బాగా కొట్టే పత్తి చేలల్లో నాకు దాదాపు కనిపించలేదు.

పసుపు కప్పలకు విషం లేదు. అవి గోదురుకప్పలు, మగవి. ఎండాకాలమంతా నేలలో పడుకొని, గట్టి వాన పడి కుంట నిండిన రాత్రే బయటికొస్తాయి. జతకట్టే కొద్ది రోజులు మాత్రమే మగదాని ఒళ్ళు పసుపుగా, గొంతు పక్కల రెండు తిత్తులు నీలంగా మారతాయి. ఆడది ఎప్పటిలాగే బురద రంగులో ఉంటుంది. ప్రతి ఏడూ వీటి వీడియోలకు ‘వింత విషపు కప్పలు’ అని పేరు పెట్టి పంపేవాళ్ళుంటారు, దాంతో భయపడి కొట్టి చంపుతారు. ఒకప్పుడు వీటి కాళ్ళ కోసమే లక్షల కొద్దీ పట్టి విదేశాలకు పంపేవారు, 1987లో ఆ ఎగుమతిని మన దేశం నిషేధించింది. పొలంలో పురుగులు, పీతలు, ఎలుక పిల్లలు, చివరికి వేరే కప్పలను కూడా తినే జీవి ఇది. వాన కోసం కప్పతల్లి ఆడే ఊళ్ళలో, ఆ వాన వచ్చిన రాత్రే కప్పను చంపడం నాకు మింగుడు పడదు.

మృగశిర వెళ్ళాక గుట్ట కింద గడ్డిలో నేల వైపు చూసుకుంటూ నడవండి. నేలతాడి పసుపు నక్షత్రాల్లా నేలకు ఆనుకొని పూస్తుంది. ఎండల్లోనే ఆకు లేకుండా పొడుగు కాడ మీద పూసిన నక్క ఉల్లిగడ్డకు ఇప్పుడు ఆకు వస్తుంది. నీడ, తేమ ఉన్న పొదల్లో అడవి కంద ముందు పువ్వు పంపి తర్వాత ఆకు వేస్తుంది. కుళ్ళిన మాంసం వాసన వచ్చి చచ్చిన జంతువు కోసం చూస్తే ఈ పువ్వు దొరకవచ్చు, ఆ వాసన ఈగలనూ పెంకు పురుగులనూ రప్పించడానికి. తవ్వి ఇంటికి తేవద్దు. ఇదే సమయంలో మగ గిజిగాళ్ళకు నెత్తిన పసుపు ఎక్కుతుంది, బావి మీదికి వంగిన ఈత, తుమ్మ కొమ్మలకు గూళ్ళు మొదలవుతాయి. సగం కట్టిన గూడు టోపీ ఆకారానికి వచ్చినప్పుడు ఆడది వచ్చి చూస్తుంది, నచ్చకపోతే పోతుంది, మగది దాన్ని వదిలి ఇంకోటి మొదలుపెడుతుంది. నేల మీద పడి ఉన్న సగం గూళ్ళు చాలావరకు అలాంటివే.

జాగ్రత్తలు కొన్ని. కప్పల కోసం రాత్రి వెళ్ళేటప్పుడు చీలమండ దాటే బూట్లు, మంచి టార్చి లేకుండా ఒక్క అడుగు వేయొద్దు. కప్పలున్న చోటికి నాగుపాము, కట్లపాము, రక్తపింజర కూడా వస్తాయి. ఏది కరిచినా కట్టు బిగించడం, కోయడం, మంత్రం వంటివి పెట్టుకోక 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. ఉరుములప్పుడు గుట్ట మీద, ఒంటరి తాటి చెట్టు కింద ఉండొద్దు. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవడం గూళ్ళ కాలంలో అసలు చేయొద్దు, అది తన హద్దులోకి ఇంకో పిట్ట వచ్చిందనుకొని గుడ్లు వదిలి వెతుకుతుంది. గూళ్ళ ఫొటోలు అందరికీ కనిపించేలా పెట్టకండి, పెట్టినా ఊరి పేరు రాయకండి.

రాసుకునే పద్ధతి సులువుగా పెట్టుకోండి, లేకపోతే పిల్లలు రెండు రోజుల్లో మానేస్తారు. తేదీ, టైము, చోటు, ముందురోజు వాన పడిందా, ఏం కనిపించింది, ఎన్ని. వెతికినా కనిపించనిది కూడా రాయాలి, ‘ఉసిళ్ళు లేవలేదు’ అన్నది కూడా సమాచారమే. ఇలాంటి వివరాలు ఎవరైనా నమోదు చేసే వెబ్‌సైట్లున్నాయి, పిట్టలను ఈబర్డ్‌లో, మిగతావాటిని ఐనాచురలిస్ట్‌లో ఎక్కించవచ్చు. రేల, నేరేడు, చింత వంటి చెట్లను వారానికోసారి చూసి చిగురు, పూత, కాయ రాసే సీజన్‌వాచ్‌లో బడి పిల్లలు కూడా చేరవచ్చు. హైదరాబాద్ వచ్చినప్పుడు 1980లో మొదలైన డెక్కన్ బర్డర్స్ అనే పిట్టలు చూసేవాళ్ళ సంఘం నడకలకు వెళ్ళండి, కొత్తవాళ్ళకు ఓపికగా చూపిస్తారు.

ఈ ఏడాది మీ మండలంలో మొదటి గట్టి వాన తేదీ, ఉసిళ్ళు లేచిన తేదీ, మొదటి ఆరుద్ర పురుగు కనిపించిన తేదీ, ఈ మూడూ ఇక్కడ రాయండి. పక్క జిల్లాల వాళ్ళు కూడా రాస్తే వాన ఊరి నుంచి ఊరికి ఎలా జరిగిందో, దాని వెంట ఇవి ఎన్ని రోజుల తేడాతో లేచాయో పక్కపక్కనే పెట్టి చూద్దాం. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే ఊహించి రాయకండి, ఖాళీ వదిలేయండి.